స్కేప్‌గోట్‌కు సలోమి టీచర్ చెప్పిన అర్థం

మొన్న మిర్యాలగూడ బస్టాండు దగ్గర వాన వెలిశాక, సంతకు పోయే ఆటోలోంచి తడిసిన మేకల వాసన గుప్పుమంది. పక్కన ఫోనులో క్రికెట్ చూస్తున్న కుర్రాడు "గోట్ అంటే ఈడే రా బై!" అని అరిచాడు. అందరికంటే గొప్పవాడని ఇప్పటి పిల్లల అర్థం. నేను సలోమి టీచర్ దగ్గర ఆ మాట నేర్చుకున్నప్పుడు దానికి ఇంత మర్యాద లేదు.

చివ్వెంల దగ్గరి మా ఊరి బడికి ఆమె రోజూ కోదాడ నుంచి బస్సులో వచ్చి ఇంగ్లీషు చెప్పేది. ఒకరోజు బోర్డు మీద మేక బొమ్మ వేసి, చుట్టూ ఆ భాష నుడికారాలు రాసింది. పిచ్చి చేష్టలు చేస్తే మేకలా ఆడుతున్నాడంటారట. చెడ్డవాళ్లను వేరు చేయడమంటే గొర్రెల్లోంచి మేకల్ని ఏరడమట. మేకలు కాసే ఇంటిపిల్లను, నాకు ఒళ్లు మండింది.

"అన్నీ తిట్లేనా టీచర్? మా మేకలు గంత పాడుగున్నయా?"

"నీ మేకలు బాగానే ఉన్నాయమ్మా, తిట్టే నోళ్లే బాగాలేవు," అని చివరి మాట రాసింది: స్కేప్‌గోట్, అంటే ఇతరుల తప్పు మోసే బలిపశువు. పూర్వం ఒక జాతి ఏటా ఓ మేక తల మీద చేతులుంచి, తమ పాపాలన్నీ చెప్పి, దాన్ని ఎడారిలోకి తరిమేదట.

"మరి మేకేం జేసింది?"

"ఏమీ చేయలేదు. అందుకేగా దాన్ని పట్టుకున్నది."

ఆ వారమే ముత్యాలమ్మ పండుగ. పసుపునీళ్లు పోస్తే మేకపోతు ఒళ్లు విదిలించాలి. అప్పుడే అమ్మవారు బలికి ఒప్పుకున్నట్టు. ఆ ఏడు అది ఎంతకీ విదిలించలేదు. బడిలో అన్నం వండే యాదమ్మ, మొగుడు పోయిన మనిషి, ఎదురుగా నిలబడినందుకేనన్నారు. మర్నాడు పదిమంది బడికి వచ్చారు. "ఈమెను వంట నుంచి తీసెయ్యుండ్రి. పిల్లలకు అరిష్టం," అన్నాడు పెద్దమనిషి. యాదమ్మ గరిటె కింద పెట్టేసింది. ఆ పని పోతే ఆమె ఇద్దరు పిల్లలకు తిండి లేదు.

టీచర్ వాదించలేదు. అదే మేకపోతును తెప్పించి యాదమ్మకు పసుపునీళ్ల చెంబు అందించింది. "నువ్వే పొయ్యి."

"వద్దు టీచరమ్మా, నన్ను సంపుతరు."

"పొయ్యవే తల్లీ. ఏదన్నా అయితే నా మీద వేసుకుంటాను."

యాదమ్మ కళ్లు మూసుకుని పోసింది. నీళ్లు చెవుల్లోకి పోయాయి. మేకపోతు తల నుంచి తోక దాకా విదిలించింది. పెద్దమనిషి తెల్లచొక్కా తడిసిపోయింది. వెనక నుంచి ఓ ముసలమ్మ, "ఇంకేం సూస్తున్నవే యాదమ్మా, పోరగాండ్లకు ఆకలైతుంది," అంది. నేను నోరు తెరిచి టీచర్ వంకే చూస్తూ ఉండిపోయాను. అంత ధైర్యం అంత మెల్లగా మాట్లాడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు.

సాయంత్రం మేకపోతును కోశారు.

చాలా ఏళ్ల తర్వాత, సూర్యాపేట సభల్లో మూఢనమ్మకాల మీద వాదించడం మరిగాక, కోదాడ వెళ్లి ఆమెను నిలదీశాను. "చెవిలో నీళ్లు పోతే ఏ మేకైనా విదిలిస్తది. ఆ మాట చెప్పకుండ వాళ్ల పరీక్షకే ఒప్పుకున్నరు. మేక కూడా సచ్చింది."

చిక్కుడుకాయలు వలుస్తూ ఆమె తలెత్తింది. "ఆ మేక నన్నూ వదల్లేదమ్మా. కానీ వాళ్లు నీ ఉపన్యాసం విని మారేదాకా యాదమ్మ పిల్లలు ఏం తినాలి?"

మూఢత్వం మీద ఇప్పటికీ నిప్పులు కురిపిస్తూనే రాస్తాను. కానీ ఎక్కడైనా ఇలాంటిది జరిగిందని తెలిస్తే, ఎవరి కూడు పోబోతోందో ముందు కనుక్కుని ఆ గడప దగ్గరికి వెళ్తాను. వ్యాసం మర్నాడు రాసుకుంటాను.