మొన్ననే కట్టిన ముడి

గద్వాలలో బోరు మోటార్లు బాగుచేసే నాగప్ప తన గాలానికి ముడి ఒకసారే వేస్తాడు. రెండోసారి వేయమంటే వేయడు. ఆయనలో ఎంచదగిన లోపం ఇదొక్కటే. కానీ ఈ ఒక్కదాని మీదే ఆయన భార్య రుక్కమ్మ పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా మాట్లాడగలదు.

ఆదివారం వచ్చిందంటే నాగప్ప జూరాల డ్యాం ఎగువ ఒడ్డుకు పోయి కొర్రమట్టలు పడతాడు. వానపాము గుచ్చే రోజులు పోయాయి, ఇప్పుడంతా రబ్బరు కప్పలు. వీపున రెండు కొక్కేలుండే ఆ కప్పను గుర్రపుడెక్క ఆకుల మీద గెంతిస్తే, కొర్రమట్ట నిజం కప్పే అనుకుని మింగుతుంది. దాని పళ్ళకు ముడి దగ్గరి దారం నలుగుతుంది. చేపను తీశాక ఆ నలిగిన జానెడు కోసేసి కొత్త ముడి వేయాలి. రెండు నిమిషాల పని. నాగప్ప చేయడు. రెండో చేపకో మూడో చేపకో దారం పుటుక్కున తెగుతుంది, చేప కప్పతో సహా వెళ్ళిపోతుంది. చేపలవేట మనిషికి ఓర్పు నేర్పుతుందని చెప్పేవాళ్ళు ఆదివారం సాయంత్రం ఆ ఇంటికి వచ్చి రుక్కమ్మ ముఖం చూడాలి.

"కొత్తగ కట్టుకోరాదా అయ్యా?" అని ఆమె అడుగుతుంది.

"మొన్ననే కట్టిన గద" అంటాడు.

నాగప్ప మొన్నకు కొలత లేదు. పసుపు కప్ప పోయిన నాటి మొన్న పదిరోజుల కిందటిది. చుక్కల కప్ప పోయిన నాటి మొన్న దసరాకు ముందుది. ఎర్ర కప్పకైతే ఆ ముడి వేసినప్పుడు ఎండాకాలం, అది తెగినప్పుడు ఒడ్డున అందరూ స్వెట్టర్లలో ఉన్నారు. జూరాల కొర్రమట్టల్లో సగానికి ముక్కుపుడకలు పెట్టించింది మా ఆయనే అని రుక్కమ్మ వాడంతా చెప్పుకుంటుంది.

ఆమె మంటకు కారణముంది. రాజోలిలో మగ్గాల ఇంట పుట్టి, గద్వాలకు వచ్చి కూడా మగ్గమే నేస్తున్న మనిషి. మగ్గం మీద నిలువు పోగుల పాత పడుగు అయిపోగానే కొత్త పడుగును దానికి పోగుపోగునా ముడేసి అతకాలి. వేల పోగులు. ఒక్కటి జారినా చీర మీద గీత పడుతుంది. అలా వేలకు వేలు అతికే చేతులున్న ఇంట్లో, ఒక్క దారానికి ఒక్క ముడి వేయలేని మొగుడు.

ఒకసారి సాక్ష్యం కూడా దొరికింది. నిరంజన్ సార్ అని, బడి పంతులు, ఆయనా ఆదివారాల మనిషే. ఆయన పట్టిన కొర్రమట్ట నోట్లో నాగప్ప చుక్కల కప్ప ఉంది. సార్ దాన్ని కాగితంలో చుట్టి, పోలీసులు దొంగసొమ్ము అప్పగించినట్టు తెచ్చి రుక్కమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని అన్నం తింటున్న నాగప్ప కంచం పక్కన పెట్టింది. ఆయన కప్పను చూడలేదు. దాని ముక్కుకు వేలాడుతున్న రెండంగుళాల దారాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"చూడు, తెగింది దారం. ముడి గట్టిగనే ఉన్నది."

రుక్కమ్మ ఆ పూట మళ్ళీ కూర వడ్డించలేదు.

ఈ మధ్య హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కూతురు మనీషా నాన్న పుట్టినరోజుకు ఆకుపచ్చ కప్పను పంపింది. కాళ్ళు ఆడించే కప్ప. రుక్కమ్మ డబ్బా విప్పుతూనే తీర్పు చెప్పేసింది. బిడ్డ పంపిన ఈ కప్ప గనక పోయిందా, గాలం కట్టె సజ్జ ఎక్కుతుంది, ఆదివారాలు ఇంట్లోనే. నాగప్ప నవ్వబోయాడు. ఆమె నవ్వడం లేదని చూసి మానుకున్నాడు. శనివారం ఆమె ఎదుటే కూర్చుని, దారాన్ని ఐదు చుట్లు తిప్పి, ఉమ్మితో తడిపి బిగించాడు. ముడి మగ్గానికి కూడా పనికొచ్చేంత బాగుంది. ఇంత బాగా వేయగలిగినవాడు రెండోసారి ఎందుకు వేయడన్నది తేల్చుకోవాలని రుక్కమ్మ ఆదివారం మగ్గం ఆపి బండి వెనక ఎక్కింది.

ఒడ్డున నలుగురు అప్పటికే ఉన్నారు. గాలాలు ఇంకా నీళ్ళలో పడలేదు. నాగప్ప బండి దిగగానే ఇస్రాయేలు అనే ముసలాయన పలకరింపు కూడా లేకుండా తన గాలం కర్ర ముందుకు చాపాడు. ఆయన వేళ్ళు వణుకుతున్నాయి. నాగప్ప దారం కోసి, తడిపి, ముడి వేశాడు. తర్వాత నిరంజన్ సార్ కర్ర. సార్‌కు దగ్గరి చూపు ఆనదు, కళ్ళద్దాలు ఇంట్లోనే ఉంటాయి. తర్వాత మిగతా ఇద్దరివి. అంతటితో అయిపోలేదు. ఎవరికి చేప పడ్డా "నాగప్పా" అని కేక. ఆయన తన కర్ర పక్కన పెట్టి పోవడం, నలిగిన దారం కోసి కొత్త ముడి వేయడం, పైగా కోప్పడటం.

"చేపచేపకు ముడి మార్చాలె సార్. ఎన్నిసార్లు చెప్పాలె? కప్ప పోతది."

రుక్కమ్మ తన చెవులను నమ్మలేదు.

పక్కన చతికిలబడ్డ ఇస్రాయేలు నవ్వాడు. "మా అందరియి కట్టేసరికి ఎండెక్కుతదమ్మా. గా తొందర్ల ఆయనది ఆయనకు యాదికి రాదు. నా చేతి ఏళ్ళు గిట్ల వణుకవట్టి మూడేండ్లాయె. నాగప్ప లేకుంటే ఆదివారం పూట మా ఇంట్ల చేపల పులుసు లేదు."

మూడేళ్ళు. ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. చెప్పదగిన సంగతని ఆయనకు తోచి ఉండదు.

ఎండెక్కేసరికి ఆకుపచ్చ కప్ప రెండు చేపలను తెచ్చింది. ముడి దగ్గర దారానికి నూగు లేచింది, ఇంకో చేపకు ఆగదు. అది రుక్కమ్మకు పదడుగుల దూరం నుంచే కనిపించింది. నాగప్ప కప్పను మళ్ళీ విసరబోయాడు. అంతలో ఇస్రాయేలుకు చేప పడింది, కేకేశాడు. నాగప్ప కర్రను రాయికి ఆనించి పోయాడు.

రుక్కమ్మ అటూ ఇటూ చూసింది. నలిగిన జానెడు దారాన్ని పళ్ళతో పుటుక్కున కొరికింది. ఐదు చుట్లు తిప్పి, తడిపి, బిగించి, కర్రను ఉన్నచోటే ఆనించి, నీళ్ళ వైపు తిరిగి కూర్చుంది.

నాగప్ప వచ్చి ముడి వైపు చూడకుండానే కప్పను విసిరాడు. ఎప్పుడు చూశాడు గనక. కప్ప రెండు గెంతులు వేసిందో లేదో గుర్రపుడెక్క కింద నీళ్ళు బుంగలా లేచాయి. చేప పెద్దదే. కప్పను మింగి ఆకుల కిందికి దూరింది. కర్ర విల్లులా వంగింది. సార్ కళ్ళు మూసుకున్నాడు. నలుగురికీ నాగప్ప దారం సంగతి తెలుసు, అది తెగే చప్పుడు కోసమే చూస్తున్నారు.

తెగలేదు.

మోచేతి నుంచి వేళ్ళదాకా ఉన్న కొర్రమట్టను ఒడ్డుకు లాగి, దాని నోట్లోంచి ఆకుపచ్చ కప్పను తీసి పైకెత్తి, నాగప్ప భార్య వైపు తిరిగాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"చూసినవానే? మొన్ననే కట్టిన ముడి."

రుక్కమ్మ పళ్ళ సందున ఇరుక్కున్న పోగును నాలుకతో తోసుకుంటూ తలూపింది.

"ఔనయ్యా, గట్టిగనే ఉన్నది" అని, అటు పక్క "నాగప్పా" అని కేకేస్తున్న సార్ వైపు ఆయన్ను పొమ్మని చెయ్యి ఊపి, ఆయన చేతిలోని కర్ర అందుకుంది.