మోటర్లకు బంతి భోజనం

ఆ రోజుల్లో నాకు లోకాన్ని మార్చడానికి నాలుగు మంచి మాటలు చాలని గట్టి నమ్మకం ఉండేది. (పెళ్లయ్యాక పోయింది, అది వేరే సంగతి.) తెలంగాణ వచ్చాక, వ్యవసాయానికి పగలూ రాత్రీ కరెంటు మొదలైన కొత్తల్లో, దేవరకొండ అవతల మా ఊరి సబ్‌స్టేషన్‌లోనే నాకు ఆపరేటర్ ఉద్యోగం దొరికింది. పక్కన గుట్ట కింద సోలార్ ప్లాంటు వెలిసింది. ఎండ కరెంటు కదా, మబ్బు అడ్డొస్తే చప్పున పడిపోయేది. దాంతో ఓల్టేజీ తగ్గి మోటర్ల లైను ట్రిప్పయ్యేది. నేను మళ్లీ లైను వేయగానే ఊళ్లో ప్రతి మోటరుకూ ఉన్న ఆటోస్టార్టర్ దాన్ని అదే క్షణంలో తిప్పేది. అంత బరువు ఒక్కసారి మీద పడితే ఏం నిలుస్తుంది? మళ్లీ ట్రిప్పు. మా పెద్దసారు వచ్చి, "ఎండ కరెంటు నిలవాల్నంటే వాడేటోళ్లు సుత జర సర్దుకోవాలె. ఆటోస్టార్టర్లు తీపియ్యి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిందనుకో, నీ నౌకరీ పోతది, ఊరి వరి ఎండుతది" అని చెప్పి పోయారు. వరి అప్పుడే పొట్టకొచ్చింది. మబ్బులు రోజూ వస్తున్నాయి, వానే రావడం లేదు.

ఇంటింటికీ తిరిగాను. అందరికంటే మొండి మా నాయినే. "స్విచ్చు ఎయ్యనీకి బాయికాడికి నేను ఉరుకుడేందిరా? గా డబ్బ ఉన్నదే గందుకు గదా!" అన్నాడు. అన్నం మానేస్తానని బెదిరించాను (మధ్యాహ్నం దాకా మానేశాను కూడా). చివరికి డబ్బా ఊడదీసి నా చేతిలో పెట్టి, నాతో మాట్లాడటం మానేశాడు. ఆయన తీశాక ఊరంతా తీసింది.

మరునాడు మబ్బొచ్చింది, లైను పడింది. మబ్బు పోగానే వేశాను, నిలిచింది! నా ఆనందం పట్టలేక, పాపం పొలాల్లో ఉన్నవాళ్లకు తెలియాలి కదా అని పక్కనే ఉన్న పంచాయతీ ఆఫీసుకు పరుగెత్తి మైకు అందుకున్నాను. "కరెంటచ్చింది! మోటర్లు ఏస్కోండ్రి!" ఊరంతా ఒక్కసారే స్విచ్చు నొక్కింది. తిరిగొచ్చేసరికి లైను పడిపోయి ఉంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలలేదు గానీ దాని దగ్గర మాడు వాసన. ఆటోస్టార్టర్లన్నీ పీకించి, ఊరికంతటికీ నేనే ఒక పెద్ద ఆటోస్టార్టర్నయ్యానన్నమాట.

జనం గేటు ముందు చేరారు. ఒకరి తర్వాత ఒకరు వేసుకోండని దండం పెడితే, "నాది ముందు" అంటే "నాది ముందు" అని కీచులాట. మా అవ్వకు ఒళ్లు మండింది. "ఏందిర గీ లొల్లి? పెండ్లిల సుత అందరు ఒక్కపారే కూసుంటరా? బంతులు పెట్టుండ్రి!" అంది. సరే, మోటర్లను బంతులుగా విడదీసి, మైకులో ఒక్కో బంతినీ పిలుస్తానన్నాను. కానీ ఆఖరి బంతికి ఎవరూ రారు. అంతలో ఇంకో మబ్బొస్తే వాళ్ల మడి ఎండినట్టే. నా ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాను.

అప్పుడు నాయిన ముందుకొచ్చాడు. మాది మెట్ట మీది మడి, అందరికంటే ముందు నెర్రెలు వారేది.

"మాది ఆఖరుకు రాయి. పిలిచినోడు నా కొడుకు. ఇంటోళ్లు ముందుగాల తింటరా?"

ఆ మాటతో మా చిన్నాయినకు రోషం వచ్చింది. "మేం ఇంటోళ్లం గాదా?" అన్నాడు. మేనమామ అన్నాడు, వరస కలిసినవాళ్లంతా అన్నారు. కాసేపటికి ఆఖరి బంతి నిండిపోయి, మొదటి బంతికి నేను మనుషుల్ని బతిమాలాల్సి వచ్చింది. లైను నిలిచింది. మా మడిలో ఒక మూల తాలుపోయింది. నాయిన ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. నేను ఈ రోజు తింటున్న అన్నం ఆయన ఆ పూట వదులుకున్న నీళ్లదే.

ఇప్పుడు నేను పట్నంలో కంట్రోల్ రూములో ఉన్నాను. పొద్దు వాలి ఎండ కరెంటు దిగిపోతుంటే, ఆ లోటు పూడ్చడానికి కరెంటు పుట్టించే ఒక్కో స్టేషన్‌కూ ఫోన్ చేసి వరసగా పిలవడం నా పని. దీనికి మావాళ్లు పెద్ద పెద్ద పేర్లు పెట్టుకున్నారు. నాకు మాత్రం ఇది బంతే. ఒక్కోసారి ఆఖరున పిలిచిన స్టేషన్ ఇంజినీరు, "రోజూ మేమే ఆఖరా?" అని విసుక్కుంటాడు.

"ఇంటోళ్లని అనుకున్న సారూ" అంటాను. ఆయనకు అర్థం కాదు. నేను ఫోన్ పెట్టేసి, కాసేపు ఒక్కణ్నే నవ్వుకుంటాను.