ఆరితే ఆగమనే లైటు

ఆ వయసులో మాకు భయమంటే ఇంకెవరికో వచ్చే జబ్బు. టెక్కలి దగ్గర ఇంజనీరింగ్ చదివే రోజుల్లో, రేసు కారు అన్నది ముందుకు పోవడానికే పుట్టిందని మా బృందం గట్టిగా నమ్మేది. అందులో ఆగడం గురించి మాట్లాడే ఏకైక మనిషిని నేను. మా ఊరు జలంత్రకోట దగ్గర. జీడితోటలోకి వెళ్తే ముందు పాము ఎటునుంచి రావచ్చో చూసుకుని, ఆ తర్వాతే పండు మీద చెయ్యి వేసేదాన్ని. (మా అమ్మ దాన్ని జాగ్రత్త అనేది. మా నాన్న బద్ధకం అనేవాడు. ఇప్పటికీ తేలలేదు.) కాలేజీ పిల్లలు సొంతంగా కట్టిన కార్లతో పోటీపడే రేసు ఒకటి వేరే రాష్ట్రంలో జరుగుతుందని తెలిసి, మా వాళ్లు వర్క్‌షాపు వెనక రేకుల షెడ్డులో ఒక కారు మొదలుపెట్టారు. కారంటే ఇనప గొట్టాలు, నాలుగు చక్రాలు, పాత మోటారుసైకిల్ ఇంజను. కరెంటు పని చూడ్డానికి నన్ను చేర్చుకున్నారు. ఆడపిల్ల ఉంటే కాలేజీ వాళ్లు త్వరగా ఒప్పుకుంటారన్న ఆలోచన కూడా ఉందని తర్వాత తెలిసింది. తెలిసిన రోజున ఎవరితోనూ మాట్లాడకుండా మొత్తం వైరింగ్ ఊడదీసి మళ్లీ వేశాను. కోపం వస్తే పని చేసే రకం నేను.

మా బృందానికి పెద్ద, పలాస కుర్రాడు. అందరం కెప్టెన్ అనేవాళ్లం. అతనికి లోకంలో ఒకే శత్రువు, బరువు. బరువు తగ్గించాలని కారు చట్రాన్ని ఎంత సన్నగా కట్టాడంటే, తీరా చూస్తే అందులో బృందం మొత్తానికి ఒక్కడే పట్టాడు. ఆ ఒక్కడూ భావనపాడు కుర్రాడు. వాళ్ల నాన్న వేట పడవ నడిపే సరంగు కాబట్టి వీణ్ణి కూడా సరంగు అనే పిలిచేవాళ్లం. ఊచలా ఉండేవాడు, మాట తక్కువ, స్టీరింగు పట్టుకుంటే చెయ్యి వణికేది కాదు. అలా మా ఏడాది కష్టమంతా ఆ ఒక్క మనిషి నడుము కొలత మీద నిలబడింది. వాడు మాత్రం ఒకే మాట అన్నాడు. "మాయమ్మ సరేనంతే ఎక్కుతాను బావా. నేకపోతే నేదు."

వాళ్లమ్మని నేను పిన్నీ అని పిలిచేదాన్ని. భావనపాడులో చేపలు ఎండబెట్టి అమ్మే మనిషి. ఆమె తమ్ముడు ఒక సాయంత్రం వేట నుంచి తిరిగొస్తూ, ఒడ్డు కనపడుతుండగా, కెరటాలు విరిగే చోట పడవ బోల్తాపడి చనిపోయాడు. అందుకే కొడుకుని సముద్రానికి దూరంగా పెట్టి చదివించింది. రేసు సంగతి చెప్పడానికి మేం వెళ్తే, చేపలు తిరగేస్తూనే వింది. విని నడుం నిలబెట్టి అంది. "గంగమ్మకి ఒగ్గకుండా సదివించినాను. రోడ్డుకి ఒగ్గీమంతారేటి?" నా నోరు ఆగదు కదా. "అలగ కాదు పిన్నీ, నేను లైటు పెడతాను. ముందు ఏదైనా ఉంటే నేను బయటినుంచి మీట నొక్కుతాను, వాడి కళ్ల ముందు ఎర్ర లైటు వెలుగుతుంది, ఆగిపోతాడు," అన్నాను. ఆమె చేతిలో చేప పక్కన పెట్టింది. "నా కళ్ల ముందల ఆపి సూపించు. అప్పుడు సెప్తాను," అంది. చూపించడానికి ఒప్పుకుని వచ్చాను. వాడి ప్రాణం బాధ్యత నా బొటనవేలి మీద పెట్టుకున్నానన్న సంగతి మాత్రం తిరుగు బస్సులో కూర్చున్నాకే తట్టింది.

లైటు కోసం మా మావయ్యని పట్టుకున్నాను. ఆయన పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. జీడిపిక్కలు ఉడికించే బాయిలరు మీద ఇదివరకు వెలిగి రిటైరైన ఎర్ర లైటొకటి తెచ్చి ఇచ్చాడు. బాయిలరు పేలకుండా కాపాడిన లైటు మనిషిని కాపాడదా అని నా లెక్క. నొక్కే మీటకి బొమ్మ కారు రిమోటు విప్పి వాడాను. కెప్టెన్ ఆ లైటుని అరచేతిలో వేసుకుని పైకీ కిందికీ ఊపుతూ "వెయిట్ ఎంత ఇది?" అన్నాడు. "నీ హెల్మెట్‌లో ఉన్నదానికంటే ఎక్కువే," అన్నాను. ఆ తర్వాత రెండు వారాలు మేం మాట్లాడుకోలేదు.

పరీక్ష భావనపాడు ఒడ్డుకి కొత్తగా వేసిన రోడ్డు మీద. దానికింకా ప్రారంభోత్సవం కాలేదు. అయ్యేదాకా ఖాళీగా ఎందుకని ఊరి ఆడవాళ్లు రోడ్డంతా నెత్తళ్లు ఎండబెట్టుకున్నారు. పిన్ని చెబితే సగం రోడ్డు తీసిచ్చారు, మిగతా సగంలో చేపలు అలాగే ఉన్నాయి. ఎండకి తారూ, చేపా కలిసిన ఆ వాసన మా కారు పొగ కంటే ఘాటుగా ఉంది. నేను పిన్ని పక్కన రిమోటు పట్టుకుని నిలబడ్డాను. మేం నిలబడ్డ చోటు దాటాక, ముందే గీసిన సున్నం గీత దగ్గర నేను నొక్కాలి, వాడు ఆగాలి. సరంగు బయల్దేరాడు. బాగా వస్తున్నాడు. సరిగ్గా అప్పుడే ఒక మేకపోతు, సున్నం గీతకి ఇంకా చాలా ముందు, నెత్తళ్లు రుచి చూద్దామనుకుందో ఏమో, రోడ్డు మధ్యకి వచ్చి నిలబడింది. నేను నొక్కాను. లైటు వెలిగి ఆరి, వెలిగి ఆరి, టపటప కొట్టుకుంది. నేను కట్టినట్టే పనిచేసింది. కారు గర్జించి రెండింతల వేగంతో వచ్చింది.

మేకపోతు గాల్లోకి ఎగిరి బతికిపోయింది. కారు మమ్మల్ని దాటి, గీతని దాటి, రోడ్డు దిగి, వెదురుబొంగుల మీద ఆరేసిన వలల్లోకి దూసుకుపోయింది. బొంగులు ఒకదాని వెనక ఒకటి కూలాయి. ఇంజను ఆగిపోయింది. నా చేతిలో రిమోటు, వేలు ఇంకా నొక్కే ఉంది. పిన్ని చెప్పులు వదిలేసి పరిగెత్తింది. మేం వెనకే వెళ్లేసరికి వల లోపల్నుంచి సన్నగా "అమ్మా" అని వినిపించింది. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. వలలో చిక్కిన చేపలా గింజుకుంటున్న వాణ్ణి చూసి ముందు ఏడుపొచ్చింది, ఆ తర్వాత నవ్వొచ్చింది, రెండూ ఆపుకోలేక దగ్గొచ్చింది. కెప్టెన్ వంగి, "స్టీరింగ్ రాడ్ వంగిందా?" అని అడిగాడు. (అతనికిప్పుడు ఇద్దరు పిల్లలు. మనిషి చాలా మారాడు.)

"ఏటి సేసినావే?" అంది పిన్ని నాతో.

"ఆగమని నొక్కాను పిన్నీ. ఒట్టు."

వాడు వలలోంచే అన్నాడు. "లైటు ఎలిగిందమ్మా. లాగీసినాను."

"ఎలిగితే ఆగాలి కదరా!" అని అరిచాను నేను.

"తెలుసు. కాలు ఇననేదు."

పిన్ని ఇసకలో కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి చెప్పింది. "ఆడి కాలుది తప్పు నేదే. నానే నేర్పినాను." తమ్ముడు పోయినప్పటినుంచి చీకటి పడే వేళ ఒడ్డున దిబ్బ మీద టార్చిలైటు పట్టుకుని నిలబడేది ఆమే. పడవలు కెరటాలు విరిగే చోటికి అవతలే ఆగి చూస్తుంటాయి. కెరటానికీ కెరటానికీ మధ్య సందు దొరగ్గానే ఆమె లైటు టపటప కొడుతుంది. కొట్టిందంటే ఇంజను పూర్తిగా లాగి ఒడ్డుకి వచ్చెయ్యాలి, మధ్యలో వేగం తగ్గిస్తే వెనక కెరటం పడవని తిప్పేస్తుంది. కెరటాల్లోకి రాకముందే లైటు ఆరిందంటే అక్కడే ఆగిపోవాలి. సెలవుల్లో వాళ్ల నాన్నతో వెళ్లిన ప్రతిసారీ వీడు అమ్మ లైటు చూసి లాగినవాడే. ఎర్ర లైటు వెలిగితే ఆగాలని మేం వాడి బుర్రకి చెప్పాం. వాడి కాలికి మాత్రం అంతకు ముందే వాళ్లమ్మ చెప్పేసింది.

"ఇంక ఒద్దు," అంది పిన్ని, లేచి ఇసక దులుపుకుంటూ. "ఆ బండి ఒద్దు, ఆ లైటూ ఒద్దు. వలలు సూడండి, ఎలగైపోనాయో." మేం ఆ రోజంతా కూర్చుని బొంగులు పాతాం. సరంగు ముఖం చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు. వాడు అడక్కుండానే అన్నాడు. "అమ్మ ఒద్దంది కదా. అయిపోనాది."

కెప్టెన్ ఉపాయం ఏమిటంటే, వాడితో పదేపదే సాధన చేయించి ఆ అలవాటు మాన్పించడం. నాకు ఒళ్లు మండింది. వాణ్ణి ఇన్నాళ్లూ బతికించి ఇంటికి చేర్చిన అలవాటుని మన బొమ్మ రిమోటు కోసం మాన్పిస్తామా? రేపు వేటకెళ్లినప్పుడు వాళ్లమ్మ లైటు కొడితే ఆగిపోతే? షెడ్డులో గొడవపడ్డాం, పానా పట్టుకుని మరీ. ఆ కోపంలోనే (చెప్పాను కదా, కోపమొస్తే పని చేస్తాను) రెండు వైర్లు అటుదిటు మార్చాను. ఇప్పుడు మామూలుగా లైటు నిలకడగా వెలుగుతూనే ఉంటుంది, మీట నొక్కితే ఆరిపోతుంది, మళ్లీ నొక్కితే వెలుగుతుంది. "దీపం ఆరడం అపశకునం," అన్నాడు కెప్టెన్, బరువు గురించి మర్చిపోయి మొదటిసారి. "నువ్వు దేవుడి గదిలో పెట్టుకోకు," అన్నాను.

ఆదివారం లైటునీ, బ్యాటరీనీ సంచిలో వేసుకుని ఒక్కదాన్నే భావనపాడు వెళ్లాను. సరంగు అరుగు మీద అన్నం తింటున్నాడు. ఎదురుగా లైటు పెట్టి వెలిగించి, రిమోటు పిన్ని చేతిలో పెట్టి, నొక్కమని సైగ చేశాను. వాడికి ఏమీ చెప్పలేదు. పిన్ని నొక్కింది. లైటు ఆరింది. నోటి దాకా వచ్చిన ముద్ద అక్కడే ఆగిపోయింది. వాడు కదల్లేదు. పిన్ని మళ్లీ నొక్కింది. లైటు వెలిగింది, ముద్ద నోట్లోకి వెళ్లింది. పిన్ని ఇంకోసారి నొక్కింది, మరోసారి నొక్కింది. చివరికి వాడు "ఓలమ్మా, కూడు తిననీవేటే!" అని అరిస్తే, ఆమె కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. తర్వాత రిమోటు నా చేతిలో పెట్టి నా వేళ్లు మూసింది. "నొక్కీది నువ్వే. ఆ కెప్టెన్ కాదు. ఇన్నావా?" విన్నాను.

రేసు దగ్గర కార్లు తనిఖీ చేసే పెద్దాయన మా లైటు దగ్గర ఆగిపోయాడు. ఇంకా మొదలవకముందే వెలుగుతోందేమిటని అడిగాడు. ఆరితేనే హెచ్చరిక అని చెప్పాను. బ్యాటరీ అయిపోతే అన్నాడు. ఆగుతాడు సార్ అన్నాను. వైరు ఊడితే? ఆగుతాడు. బల్బు మాడిపోతే? ఆగుతాడు సార్. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మరి రేసు ఎప్పుడమ్మా చేస్తాడు?"

చేశాడు, బాగానే చేశాడు. మాకంటే పెద్ద కాలేజీల కార్లని దాటుకుంటూ వస్తుంటే కెప్టెన్ నా చెయ్యి పట్టుకుని ఎగిరాడు. అంతలో ఒక మలుపు దగ్గర మా కారు ఎగిరిపడింది, లోపల ఒక వైరు ఊడింది, లైటు ఆరింది. నేను నొక్కలేదు. సరంగు మాత్రం బుద్ధిగా కారుని పక్కకి తీసి, ఆపి, చెయ్యెత్తి కూర్చున్నాడు. కార్లన్నీ వాణ్ణి దాటిపోయాయి. "ఎందుకు ఆగాడు? ఎందుకు?" అని కెప్టెన్ గొంతు పోయేలా అరిచాడు. ముందు దారిలో ఏ ప్రమాదమూ లేదు. (ఉండి ఉంటే ఈ సంగతి చెప్పుకోవడానికి ఇంకా బాగుండేది.) ఓడిపోయాం. బృందంలో ఎవరూ నావైపు చూడలేదు. నేను పక్కకి వెళ్లి పిన్నికి ఫోన్ చేశాను, నా వల్లే ఓడిపోయామని చెప్పి ఏడ్చాను.

"ఆడు దిగి నడిసొచ్చినాడా?" అంది.

"వచ్చాడు."

"తిన్నాడా?"

"తింటున్నాడు."

"మరి ఓడిపోనాదెవులే గుంటా?"

ఇప్పుడు నేను పలాసలో ఒక ఫ్యాక్టరీలో యంత్రాల కరెంటు పని చూస్తాను. రోజంతా ఎర్ర లైట్ల మధ్యే ఉంటాను. ఏది వెలిగినా పరిగెత్తుతాను, నా కారులో వెలిగితే తప్ప. మా నాన్న వాడి వదిలేసిన ఆ పాత కారులో ఇంజను లైటు ఏడాదిగా వెలుగుతూనే ఉంది. వెలగనీ, వచ్చేవారం చూపిద్దాం అనుకుంటూ తిరుగుతున్నాను. మొన్న నందిగాం దాటాక ఆ లైటు ఉన్నట్టుండి ఆరిపోయింది. ఆరితే మంచిదే కదా అని బుర్ర అనుకునేలోపే కాలు బ్రేకు మీదికి వెళ్లింది. రోడ్డు పక్కకి తీసి, ఆపి, స్టీరింగు పట్టుకుని కూర్చున్నాను. వెనకొచ్చిన లారీవాడు ఏదో తిట్టి పోయాడు. రెండు పక్కలా వరిచేలు, నేను, పనిచేస్తున్న బండి. టెక్కలిలో బళ్లు బాగుచేసే షెడ్డు నడుపుతున్న సరంగుకి ఫోన్ చేశాను. నవ్వుతాడనుకున్నాను.

"ఆరిపోనాదా?" అన్నాడు. "ఆగినావా?"

"ఆగాను."

"అయితే ఉండు. వత్తన్నాను."

వచ్చాడు. ఒకప్పటి ఊచలాంటి మనిషి ఇప్పుడు మా రేసు కారులో అస్సలు పట్టడు. నేను దిగి తప్పుకుంటే, బానెట్ ఎత్తి చూశాడు, దించాడు, లోపల తల పెట్టి డాష్‌బోర్డు విప్పాడు. చిన్న బల్బు ఒకటి బయటికి తీసి నా అరచేతిలో పెట్టాడు. నల్లగా మాడిపోయి ఉంది. "ఇంజను బాగవనేదు. ఏడాది బట్టి అరుత్తానే ఉంది నీకోసం. అరిసి అరిసి ఇది సచ్చిపోనాది," అన్నాడు. ఒక లైటు కోసం పానా పట్టుకుని పోట్లాడిన ఆ పిల్ల ఎదురుగా నిలబడి ఉంటే ఏమనేదో నాకు బాగా తెలుసు. తలదించుకుని నవ్వాను. వాడు తాడు తెచ్చి నా కారుని తన జీపు వెనక కట్టాడు. కడుతూ, ఇలా నందిగాం రోడ్డు మీద ఆగిపోయానని వాళ్లమ్మకి ఫోన్‌లో చెబుతున్నాడు. ఆమె ఏం అడిగిందో నాకు వినపడలేదు.

"బాగుందమ్మా," అన్నాడు వాడు. "దిగి నిలబడింది."