కూతురి జడ మీద మొక్కు

ఉపేంద్ర వారమంతా సైన్స్ పార్క్‌లో ప్రోగ్రామరు. శనివారం సాయంత్రాలు మాత్రం ఒక గాయకబృందంలో మంద్రస్థాయి గొంతు. పాటల పుస్తకాన్ని పొట్టకు ఆనించి, కనుబొమలతో తాళం వేస్తూ, ఎప్పటిదో యూరపు సంగీతంలో యెఫ్తా అనే సేనాని కథ పాడతాడు. యుద్ధం గెలిస్తే ఇంట్లోంచి ముందుగా ఎదురొచ్చినవాళ్ళను దేవుడికి బలిస్తానని ఆ సేనాని మొక్కుకున్నాడు, ఎదురొచ్చింది కన్నకూతురు. మొన్న, రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు తప్పి ఆగిపోతాయన్న వైటూకే గండంలో, ఆఫీసువి గట్టెక్కితే తలనీలాలిస్తానని ఉపేంద్ర కూడా వెంకన్నకు మొక్కుకున్నాడు. తన నెత్తిన దేవుడికి చూపించదగ్గ సరుకేమీ లేదు గనక, పన్నెండేళ్ళ కూతురు ప్రణవి జడను పూచీ పెట్టాడు. కంప్యూటర్లు నిక్షేపంగా ఉన్నాయి, తిరుపతికి టికెట్లూ కొన్నాడు, ప్రణవికే చెప్పలేదు. కచేరీనాడు కూతురు ఎదురొచ్చే ఘట్టంలో అతని చూపు పుస్తకం మీంచి జనంలోకి పోయింది. ముందు వరసలో ప్రణవి జడ సవరించుకుంటోంది. అక్కణ్ణుంచి చివరిదాకా ఉత్తనోరే తెరిచి మూశాడు. బృందం ఇవాళ శ్రుతిలో ఉందని గురువుగారు మెచ్చుకున్నారు.

ఇంటికి, బుకిట్ బటోక్ వెళ్ళే రైల్లో ప్రణవి అక్కడి బడిపిల్లల యాసలో అంది: "ఆ జనరల్ సో బ్యాడ్ లా, నాన్నా. మొక్కు ఆయనది, చచ్చేది ఆ పిల్లా?"

"దేవుడికి మాటిచ్చేశాడు కదమ్మా."

"ముందు ఆ పిల్లని అడగొచ్చు కదా?"

ఉపేంద్ర తలవంచుకుని తన మొక్కు సంగతి మొత్తం చెప్పేశాడు. ప్రణవి జడను ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులా పట్టుకుంది.

"నేను నో అంటే?"

రాసిన ప్రతి ప్రోగ్రాములోనూ 'నో' అంటే ఏం చెయ్యాలో ముందే ఏర్పాటు చేసే ఉపేంద్రకు, ఈ ఒక్క మొక్కులో అది పెట్టాలని తోచనేలేదు.