అప్పన్న హాజరీ కాగితాలు

నేను రిటైర్ కావడానికి మూడేళ్ల ముందు, ఒక జూలైలో, జంషెడ్‌పూర్ కోర్టులో అప్పన్న కేసు నాకు అప్పగించారు. అప్పుడు నేను న్యాయ సహాయ వకీలుని. అంటే వకీలుని పెట్టుకోలేని ముద్దాయి తరఫున సర్కారు ఖర్చుతో వాదించేవాణ్ణి.

అప్పన్న శ్రీకాకుళం వైపు మనిషి, కాంట్రాక్టు ఫిట్టర్. ఊళ్లోనే కద్మా అనే పేటలో ఏదో తగాదాలో తోటి పనివాడు జగ్గారావు మోచెయ్యి కర్రతో విరగ్గొట్టాడు. బెయిలు మీద బయటికొచ్చి, సాక్షుల విచారణ మొదలవగానే మాయమయ్యాడు. కోర్టు అతన్ని ఫరారీగా ప్రకటించి, ఎప్పుడు దొరికితే అప్పుడు పట్టుకోమని శాశ్వత వారంటు ఇచ్చింది. ఇంతకీ ఈ మహానుభావుడు పారిపోయింది ఎక్కడికి? నది దాటి గమ్హరియాకి! జిల్లా వేరు కాబట్టి ఇక్కడి పోలీసులు రారని ఎవడో చెప్పాడట, ఈయన నమ్మాడట. సొంత పేరుతోనే పదకొండేళ్లు ఒకే ఫ్యాక్టరీలో పనిచేశాడు. చివరికి ఆ గేటు దగ్గరే పట్టుకున్నారు.

నేరం రుజువైంది. శిక్ష మీద వాదనకు ముందు అతని భార్య పార్వతి వరండాలో నన్ను ఆపింది.

"పోలీసు జీపు కనిపిత్తే చాలు, గుండె జారిపోయీది బాబూ. పదకొండేళ్లు అలాగే బతికినాం. అది శిక్ష కాదేటి? అందులో తగ్గించరా?"

తగ్గించరని చెప్పాను. శిక్షలోంచి తీసేసేది జైల్లో గడిపిన రోజులే, దాక్కున్న రోజులు కావు. ఆమె మొహం చూడలేకపోయాను. ఎలాగైనా జైలు తప్పించాలని పంతం పట్టాను. మంచి నడవడి ఉన్నవాణ్ణి జైలుకు పంపకుండా పూచీ మీద వదిలే వీలుంది, దాన్ని ప్రొబేషన్ అంటారు. నడవడికి రుజువుగా ఫ్యాక్టరీ నుంచి పదకొండేళ్ల హాజరీ కాగితాలు తెప్పించి కోర్టుకిచ్చాను. ఒక్క గొడవ లేదు, ఒక్క నాగా లేదు అని గట్టిగా వాదించాను.

ప్రాసిక్యూటరు ఏమీ వాదించలేదు. నా కాగితాల పక్కన కేసు వాయిదాల పట్టిక పెట్టాడు, అంతే. వాయిదా ఉన్న ప్రతి రోజూ అప్పన్న నది అవతల డ్యూటీలో ఉన్నాడు. అవే రోజుల్లో జగ్గారావు సాక్ష్యానికి వచ్చి కోర్టు బెంచీ మీద ఉన్నాడు. వాదన రోజునా వచ్చి కూర్చున్న జగ్గారావు, జడ్జి అడిగితే లేచి వంగని చెయ్యి చూపించాడు. కూర్చోబోతూ నాతో మెల్లగా తెలుగులో అన్నాడు.

"ఆడు నాగా పెట్టలేదంటన్నారు. ఇక్కడికి రాడానికి నేను పెట్టినాను సార్."

అప్పన్నకి మూడేళ్లు జైలు పడింది. నడవడి మంచిదే గానీ, రోజూ పనికి వెళ్లగలిగినవాడు కోర్టుకూ రాగలిగేవాడే అని తీర్పులో రాశారు. ఆ కాగితాలు ఇవ్వకపోయి ఉంటే తగ్గేదా అన్న ప్రశ్న నన్నిప్పటికీ కుదురుగా కూర్చోనివ్వదు.

ఆ కేసు నాకు నేర్పింది ఇది: ఫరారీ ఎంత బుద్ధిగా బతికినా, తనంతట తాను వచ్చి లొంగిపోతేనే ఆ బతుకు శిక్ష తగ్గించడానికి అక్కరకొస్తుంది. పట్టుబడితే అదే ఎదురు సాక్ష్యం. ఆ తర్వాత ఫరారీల ఇంటివాళ్లు ఎవరు సలహాకి వచ్చినా, కూర్చోమని కూడా అనకుండా ఒకటే చెప్పేవాణ్ణి. వెళ్లి తీసుకురండి, ఇవాళే.