చెవితో చూసిన ఐస్‌క్రీమ్

నా వంటలో పొరలకన్నా పొరపాట్లు ఎక్కువ. అయినా బాపు, అంటే మా నాన్న, రిటైరయ్యాక, తనతో బొగ్గు గనిలో దిగిన ఆరుగురిని శ్రీరాంపూర్ క్వార్టర్‌కు ఆదివారం భోజనానికి పిలిచినప్పుడు, ఐస్‌క్రీమ్ నేనే చేస్తానని ఇంట్లో చెప్పేశాను. అదీ మూడు పొరలది: కింద చాక్లెట్, నడుమ సీతాఫలం, పైన మళ్ళీ చాక్లెట్. కోస్తే గీత గీసినట్టు విడివిడిగా కనబడాలి. రెండు రోజుల ముందే కరీంనగర్ నుంచి దిగాను, సీతాఫలాల సంచీతో, అంతకన్నా బరువైన ధీమాతో.

శుక్రవారం చేసింది కోస్తే ఒకటే రంగు, బురద రంగు. చాక్లెట్ పొరను వేలితో నొక్కితే గట్టిగా ఉందని సీతాఫలం గుజ్జు పోశాను. లోపల గడ్డకట్టనే లేదు. రెండూ కలిసిపోయాయి. శనివారం పొద్దున చేసిందీ అంతే.

మా అమ్మ, అదే అవ్వ, చెంచాతో రుచి చూసి, "మంచిగనే ఉన్నది బిడ్డా. గిలాసల్ల పోసిస్తె తాగుతరు" అన్నది.

బాపు కుర్చీలోంచి లేచి వంటింట్లోకి వచ్చాడు. రిటైరైనప్పటి నుంచి ఆయన డ్యూటీ వేళకే లేచి, స్నానం చేసి, ఆ కుర్చీలో కూర్చుంటున్నాడు. ఆ తర్వాత ఏం చేయాలో ఆయనకు తోచదు. గనిలో ఆయన సర్దార్. షిఫ్టు మొదట్లో అందరికన్నా ముందు వెళ్ళి, కట్టెతో పైకప్పు కొట్టి, చప్పుడు విని, "నేను చూసిన, పోండ్రి" అంటేనే మిగతావాళ్ళు లోపలికి అడుగుపెట్టేవాళ్ళు.

"పైకి గట్టిగనే కనవడ్తది బిడ్డా. లోపట బోలు ఉంటది. కండ్లను నమ్మితె ఎట్ల? కొట్టి ఇనాలె" అన్నాడు.

మూడోసారి చాక్లెట్ నేను పోశాను, ఫ్రీజర్ బాధ్యత ఆయన పుచ్చుకున్నాడు. చెంచా తిరగేసి, కాడతో నాలుగు మూలలా, నడుమ కొట్టి, చెవి ఆనించి విన్నాడు. "ఇంక కాలే." గంట తర్వాత మళ్ళీ. "నడుమ మెత్తగున్నది."

"తిన రమ్మని మూడుమాట్ల పిలిస్తె ఇనవడలే. గా ఐస్‌క్రీమ్ మాట్లాడితె మాత్రం ఇనవడ్తది" అన్నది అవ్వ.

సాయంత్రానికి అన్ని మూలలా ఒకటే చప్పుడు. "ఇగ సీతాఫలం పొయ్యి" అన్నాడు. ఆదివారం తెల్లారగానే రెండో పొరకూ అదే పరీక్ష పెట్టి, పై పొర పోయించాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక డబ్బా బోర్లించి, కత్తి పట్టాను. కరగడానికి ఐస్‌క్రీమ్ కన్నా నేనే సిద్ధంగా ఉన్నాను. ముక్క తీసి చూస్తే నలుపు, తెలుపు, నలుపు. ఒకదాని హద్దు ఒకటి దాటలేదు.

"అచ్చం మన బొగ్గు పొర లెక్కనే ఉన్నది గదా" అన్నాడొక పెద్దాయన. తినకుండా, చెంచా తిరగేసి తన ముక్కను టక్కుమని కొట్టి, చెవి వంచాడు. పక్కాయనా కొట్టాడు. చూస్తుండగానే ఆరుగురూ కొడుతున్నారు. ఆనక అందరూ బాపు వైపు చూశారు.

"ఏం సర్దార్, దిగొచ్చునా?"

బాపు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"నేను చూసిన, పోండ్రి."

ఆరు చెంచాలూ ఒక్కసారే దిగాయి. అది ఎవరు చేశారని ఒక్కరూ అడగలేదు. అవ్వ చెప్పబోతే నేనే చేయి పట్టుకుని ఆపాను.