మా నాగరాజు వినకుండానే పోయిన పాట

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. మా నాగరాజు ఇంక లేడని.

నేను నమ్మలేదు. నా నోట్లో అప్పటికి ఇంకా మైసూర్ పాక్ ఉండాది.

నిన్న మా కూతురు హేమ సొంత పాట రిలీజు. ఫోన్‌లో దాని ఫోటో, దాని పేరు చూసి చిన్నపిల్లోని మాదిరి ఏడ్చేసినా. వీధంతా స్వీట్లు పంచి అప్పుడే వచ్చి కూర్చున్నా. అంత సంతోషం నాకు జన్మలో లేదు. నా పెండ్లి రోజు కూడా లేదు, మా ఇంటిది ఇది చదివినా పర్వాలేదు.

అంతలో ఈ ఫోన్.

బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో స్టాఫ్‌ని దింపి, బస్సు అత్తిబెలె యార్డుకి తెచ్చి, స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడంట. కునుకు తీస్తా ఉండాడని పక్క బస్సు డ్రైవర్ అనుకున్నాడంట.

హార్ట్ ఎటాక్.

తెలియనోళ్ళకి చెప్తా ఉండా. నాగరాజు నా బావమరిది, మా ఇంటిదాని తమ్ముడు. హేమకి మామ. కంపెనీ స్టాఫ్ బస్సు తోలేవాడు.

హేమ ఇన్నేండ్లు వేరేవాళ్ళ బ్యాండులో వెనకాల నిలబడి పాడింది. వాళ్ళకి మ్యూజిక్ కూడా అదే చేసిచ్చింది. పేరు మాత్రం వాళ్ళది. పోయినేడు వదిలేసి వచ్చి, ఇంక నా పాట నేనే చేసుకుంటా నాన్నా అనింది.

సోల్ మ్యూజిక్ అంట. అది ఏందో నాకు ఇప్పటికీ చెప్పేకి రాదు. వింటే మాత్రం చేస్తా ఉండే పని ఆపేస్తా.

కుందలహళ్ళిలో మా బాడుగ ఇంట్లో పాడేకి అయ్యేదా? పైన మిక్సీ, కింద మోటారు, పక్కన బిల్డింగు పని.

అప్పుడు నాగరాజే అన్నాడు, నా బస్సులో పాడమ్మా అని. మధ్యాహ్నం బస్సు యార్డులో ఊరికే నిలబడి ఉంటాది. మెత్తని సీట్లు, మందం కర్టెన్లు, అద్దాలు మూస్తే బయటి శబ్దం రాదు.

ఏసీ వేస్తే దాని శబ్దం మైకులో పడతాదని లోపల హేమ చెమటలో నానేది. బయట ఎండలో వీడు. ఎవురన్నా ఇంజిన్ స్టార్ట్ చేయబోతే పరిగెత్తి చేతులు అడ్డం పెట్టేవాడు.

మిగతా డ్రైవర్లు ఊరుకుంటారా. ఒకాయన అడిగినాడు, "ఏమప్పా నాగరాజా, బస్సులో కాన్పు జరుగుతా ఉందా?"

"అవునప్పా. కొంచెం ఓపిక పట్టు, పుట్టనీ" అన్నాడు వీడు.

హేమ మ్యూజిక్ అంతా దాని హెడ్‌ఫోన్లో ఉండేది. బయట వీనికి వట్టి గొంతు ఒక్కటే వినిపించేది. ఒక ముక్క పాడి నిలిపేస్తుంది, మళ్ళీ ఎప్పుడో ఇంకో ముక్క. మధ్యలో ఎందుకు ఊరికే ఉంటావమ్మా అని అడిగినాడు. అక్కడ మ్యూజిక్ ఉంది మామా, విను, అని హెడ్‌ఫోన్ ఇచ్చింది.

తీసుకోలేదు. సగం ఉడికింది నాకు పెట్టొద్దు, పూర్తిగా కానీ, రిలీజు దినం నా బస్సులో స్పీకర్లన్నీ పెట్టి వింటా అన్నాడు.

ఆ దినం నిన్ననే.

ఆ బస్సు సంగతి కూడా చెప్పాల. సాయంత్రం షిఫ్టుకి ఇంకో డ్రైవర్‌ని పంపించి తోలుకుపోయినారు. పొద్దున మా వాడు పోయిన సీటులోనే. ఎవురో స్టాఫ్ ఎక్కి, ఎవురో దిగి ఇండ్లకి పోయింటారు. వాళ్ళకి తెలిసి కూడా ఉండదు.

మన వాళ్ళ సంగతి ఇంకా బాగుండాది. ఫ్యామిలీ గ్రూపులో నేను పొద్దున పాట పెట్టినా, తర్వాత సావు కబురు పెట్టినా. పాట కింద ఓం శాంతి. సావు కింద చప్పట్ల బొమ్మలు, కంగ్రాట్స్. ఏది ఏందో చూసినోడు ఒక్కడూ లేడు. వేలు నొక్కితే బంధుత్వం అయిపోయిందా?

అత్తిబెలెలో నాగరాజుని ఇంటి ముందర పడుకోబెట్టినాం. కుర్చీలో కూర్చున్న మా పెద్దబావ, మా ఇంటిదాని అన్న, అందరి ముందర అన్నాడు, "మైలలో పాటలేందిరా? పదకొండో దినం అయ్యేదాకా ఆ పాట తీసేయమను."

బావా, నువ్వు ఇది చదువుతావని తెలిసే రాస్తా ఉండా. హేమ పాడేది ఎప్పుడన్నా ఒకసారి విన్నావా? బస్సులో పాడుకునే పిల్ల అని ఒక పెండ్లిలో అందరి ముందర నవ్వింది నువ్వే కదా.

హేమ వెనకాల పాటల కంపెనీ లేదు, ఎవురూ లేరు. మొదటి రోజుల్లో జనం వింటేనే, పాట పెట్టిన యాప్ దాన్ని ఇంకొందరికి చూపిస్తాదంట. తీసేస్తే అంతా మళ్ళీ మొదటికే. అయినా తీసేసేకి ఫోన్ చేతిలోకి తీసుకునింది.

నాగరాజు పెండ్లాం సరోజ వాని కాళ్ళ దగ్గర కూర్చోని ఉండాది. అప్పుడు తల ఎత్తింది.

"తీసేయొద్దు పాపా. ఆయన పక్కన పెట్టు. ఇనాల."

హేమ ఫోన్ నాగరాజు చెవి దగ్గర పెట్టింది. అంత చిన్న ఫోన్లో ఏం వినిపిస్తాది. డోలు దెబ్బ లేదు, లావుగా మోగే గిటారు లేదు. గొంతు మాత్రం వచ్చింది. పాట అయ్యేదాకా ఎవురూ కదల్లేదు. పెద్దబావ కూడా కుర్చీలోంచి లేచేకి కాలేదు.

అయినాక సరోజ, ఇంకోసారి పెట్టమనింది.

పాట ఉండాది. ఉంటాది. తీయాలనేవాళ్ళు పోయి సరోజని అడగండి.

నాకు కోపం తగ్గలేదు నాగరాజా. నీ మీద కూడా. ఒక్క గంట ఆగింటే ఏం పోయేది?

ఇంక తెల్లారక ముందే లేచి బస్సు తీసే పని లేదు నీకు. హాయిగా నిద్రపో అప్పా. నీ ఆత్మ నెమ్మదిగా ఉండనీ.